రెండు ఆడచేపలు తెచ్చుకున్నాయన

పోయిన నెల మా పిండి గిర్నిల జొన్నలు పడుతుండంగ ఫోనొచ్చింది. కరీంనగర్ నుంచి, మా పక్కింట్ల కిరాయికి ఉన్నాయన బిడ్డ. "పెద్దమ్మా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, గ్లాసు పక్కకు పెట్టిండు, అట్లనే గోడకు ఒరిగిండు" అన్నది. నేను గిర్ని ఆపలే. లోపల పడ్డ జొన్నలు పోశవ్వయి. మోకాళ్ల నొప్పులతోని అంత దూరం మోసుకొచ్చిన మనిషిని రేపు రమ్మనుడు నాకు చాతకాదు. పిండి పట్టి, సంచి మూతి కట్టి పంపిచ్చిన. అప్పుడు మెయిన్ బందు పెట్టి కూసున్న.

దినాలకు కరీంనగర్ పోతే ఆ పిల్లనే అన్నది, "పెద్దమ్మా, బాపు గురించి నీకు తెలిసింది రాసియ్యవా? మేము బాపును పండుగలకు చూసినం, ఆఖరి ఏడాది చూసినం. నువ్వు రోజూ చూసినవ్." నేను మిషనరీ బడిల నాలుగు దాక చదివిన. రాసుడు వస్తది గాని ఒక్క కాయితానికి ఒక్క పూట పడుతది. అయినా సరేనన్న. ఆయన ఎప్పుడు పుట్టిండు, ఏ సంవత్సరం నౌకరి ఎక్కిండు, గవన్నీ ఆఫీసు కాయితాలల్ల ఉంటయి. కాయితాలల్ల లేనిది నాకు కొంత తెలుసు.

మాది బెల్లంపల్లి. మా ఆయన పోయినంక గిర్ని నేనే నడుపుతున్న. గిర్ని గోడకు ఆనుకొని ఉన్న రెండర్రల ఇంట్లకు ఈయన కిరాయికి దిగిండు. బొగ్గు బాయిల పంపు నడిపి రిటైరైన మనిషి. భార్య ముందే పోయింది. సామాను దింపుతుంటే చూసిన: ఒక మంచం, నాలుగు గిన్నెలు, ఒక ఇనుప పెట్టె, ఆరుగురు మోసుకొచ్చిన అద్దాల డబ్బ. డబ్బ మంచమంత పొడుగున్నది. మా చర్చోళ్లల్ల ఇద్దరు అది శవాన్ని పెట్టే పెట్టె అనుకొని, ఎవరు పోయిండ్రని అడిగి పోయిండ్రు.

మూడో రోజు గిర్ని నడుస్తుండంగ వచ్చి గడపల నిలబడ్డడు. చేతిల స్క్రూడ్రైవర్. కుడి కన్ను సగం మూసుకొని ఉండె. బాయిల బొగ్గు పెచ్చు ఎగిరొచ్చి తగిలి ఎన్నడో పోయిందట. పనిచేసేది ఎడమ కన్ను ఒక్కటే, అందుకని ఏది చూసినా మెడ పక్కకు తిప్పి, కోడి గింజను చూసినట్టు చూస్తడు.

"అక్కా, మీ గిర్ని బేరింగు ఏడుస్తుంది" అన్నడు.

"ఏడిస్తే నా బేరింగు ఏడుస్తది. నీకేంది?"

"మా ఇంట్ల నీళ్లు వణుకుతున్నయి."

నాకేం సమజ్ కాలే. ఆయన నన్ను అడగకుంటనే లోపలికొచ్చి, స్క్రూడ్రైవర్ మొన మోటరుకు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకొని, ఉన్న ఒక్క కన్ను కూడ మూసుకున్నడు. పిండికి వచ్చిన ఆడోళ్లు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నరు. జర సేపటికి కన్ను తెరిచి, "అవతలి దిక్కు బేరింగు. ఇంకో నెల ఆగుతది, తర్వాత పట్టేస్తది" అన్నడు.

"నిన్న వచ్చిన మెకానిక్కు బెల్టు మార్చాలన్నడు గదా."

"బెల్టు బాగున్నది. కొనకుండ్రి."

ఒక వస్తువు కొనొద్దని చెప్పే మనిషిని నేను అప్పటిదాక చూడలే. కూసోమన్న.

ఆదివారం గిర్ని బందు. నేను చర్చికి పోయొచ్చేసరికి బేరింగు మార్చి, మోటరు కాళ్ల కింద పాత సైకిలు టైరు ముక్కలు కోసి పెట్టిండు. నాకు సప్పుడు తగ్గింది, ఆయనకు నీళ్ల వణుకు తగ్గింది. అప్పటిసంది ఆయన నాకు తమ్మి, నేను ఆయనకు అక్క.

ఆ స్క్రూడ్రైవర్ ఎప్పుడూ అంగి జేబులనే ఉండేది. దేన్ని చూసినా దానికి ఆనిచ్చి చెవి పెడుతడు. మా ఇంట్ల ఫ్రిజ్జు, గల్లీల బోరింగు, ఒకసారి నా కుట్టు మిషను. క్రిస్మస్‌కు చర్చికి పిలిస్తే వచ్చి, పాటలైనంక హార్మోనియం పెట్టెకు కూడ చెవి ఆనిచ్చిండు. వాయించే పిల్లగాడు బిత్తరపోతే, "లోపల ఒక దిక్కు గాలి పోతుంది బిడ్డా, తోలు అతికియ్యండ్రి" అన్నడు. విప్పి చూస్తే నిజమే.

ఇగ ఆ అద్దాల డబ్బ. చేపల డబ్బలు నేను చూడలేదా, దవాఖానల్ల చూసిన, బట్టల దుకాణంల చూసిన. ఇది ఉప్పు నీళ్లది. సముద్రం చేపలు. సముద్రం మా బెల్లంపల్లికి ఎంత దూరమో నాకు తెల్వదు, నేను ఎన్నడు చూడలే. ఆయన కూడ రిటైరైనంక బిడ్డ తీస్కపోతే ఒక్కసారి చూసిండట. ఒడ్డున నిలబడితే ఆయనకు నీళ్ల మీద ప్రేమ పుట్టలే, ఇన్ని నీళ్లను ఎవ్వరూ తోడకుంట ఎట్ల ఊకున్నరని అనిపిచ్చిందట. అందరికి ఇదే చెప్తడు: "ముప్పై ఏండ్లు బాయిలకెల్లి నీళ్లు బయటికి తోడిన. అప్పుడు నీళ్లంటే పగ. ఇప్పుడు కొన్ని నీళ్లను ఇంట్ల పెట్టుకొని మర్యాద చేస్తున్న."

మర్యాద అంటే మామూలు మర్యాద కాదు. నీళ్లు మార్చే రోజు ఇంట్లనే బాయి బూట్లు, మోకాళ్ల దాక వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుంటడు. చేపల మేతకు ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు అని పేర్లు. ఎండకాలం బెల్లంపల్లి ఎండకు డబ్బల నీళ్లు కాగుతయని, మా ఫ్రిజ్జుల సీసాలకు నీళ్లు పోసి గడ్డకట్టిచ్చి, మూతలు బిగిచ్చి, అవి తెచ్చి డబ్బల తేలిచ్చెటోడు. నా ఫ్రిజ్జు, నా కరెంటు. నేను గట్టిగనే అన్న. మరునాడు వచ్చి ఫ్రిజ్జు తలుపు రబ్బరు మార్చి పోయిండు. ఆ నెల బిల్లు ఎప్పటికన్న తక్కువనే వచ్చింది. ఇగ ఏమంట?

ఆ మొదటి ఎండకాలమే ఒక రోజు పరేషాన్‌గ వచ్చిండు. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయట. అప్పటికి చిన్నయి, చౌకయి రెండో మూడో ఉండె. పోయి చూసిన. డబ్బల నీళ్లు రోజూ బిందెడు ఆవిరైపోతున్నయి, ఈయన రోజూ బిందెడు ఉప్పు నీళ్లు కలిపి పోస్తుండు.

"తమ్మీ, పప్పు మరిగి చిక్కబడ్డదనుకో, ఏం పోస్తవ్?"

"నీళ్లు."

"మల్ల ఉప్పేస్తవా?"

ఆయన చేతిల బిందె కింద పెట్టిండు. "నీళ్లు పోతయి, ఉప్పు ఆడనే ఉంటది" అని ఆయనకాయననే చెప్పుకున్నడు. "అక్కా, నేను పంపు నడిపినోణ్ణి గాని పొయ్యి కాడ కూసున్నోణ్ణి గాదు." ఆ రోజు సంది ఉత్త నీళ్లే పోసిండు, చేపలు కిందికి పోయినయి. హైదరాబాద్‌ల చేపల దుకాణపాయనకు ఫోను జేసి మరీ "మా అక్క చెప్పింది" అన్నడు. ఆ దుకాణపాయన నన్ను ఏదో పెద్ద సదువు సదివిన మేడం అనుకున్నడట.

ఆయనకు కోడికూర అంటే పానం. చేపలు మాత్రం తినడు. నేను చేపల పులుసు పెడితే గిన్నె పట్టుకొని వచ్చి, "ముక్క వద్దక్కా, పులుసు చాలు" అంటడు. "ముక్క తినకుంట పులుసు తాగితే చేపకు తెల్వదా?" అంటే, "తెలుస్తది గాని, నా మొఖం చూసి అడగదు" అంటడు.

తర్వాతి సంవత్సరం వానలు పడ్డంక హైదరాబాద్ పోయి రెండు చేపలు తెచ్చిండు. ఏంజెల్ చేపలట. గాలి కొట్టిన సంచిల ఉన్నయి, సంచి మీద తువ్వాల కప్పి, రైల్ల ఒడిల పెట్టుకొని వచ్చిండు. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి. వీపు పసుపు, కడుపు లేత నీలి, చీలిన తోకకు పైన ఒక నల్లంచు, కింద ఒక నల్లంచు. ఒకటి నా అరచేయంత ఉన్నది, ఇంకోటి దానికి జర తక్కువ. నేను బట్టల దుకాణంల తొందరగ మెచ్చుకునే మనిషిని గాను. గాని గంత కుదిరిన అంచు నేను ఏ చీరకూ చూడలే.

"జంటనా?" అన్న.

"రెండూ ఆడియే."

"మరి మగది?"

"ఈ రెండిట్లకెల్లే వస్తదక్కా. పెద్దది మగదైతది."

నేను ఆయన మొఖం చూసిన. నవ్వుత లేడు.

మరునాటికి గిర్ని కాడ ఇదే ముచ్చట. పోశవ్వ గంప దించి, "ఓ అన్నా, దుకాణపోడు నీకు రెండు పెయ్యలిచ్చి, అండ్ల ఒకటి కోడె అయితదని చెప్పి పంపిండా? నీకు ఒక కన్నే ఉన్నదని వానికి ఎర్కైనట్టుంది" అన్నది. మంది నవ్విండ్రు. ఆయనకు కోపం రాలే. కోపం వస్తే బాగుండు అనిపిచ్చేది ఒక్కోసారి.

"పుట్టుడు అన్నీ ఆడియే పుడుతయి వదినా" అన్నడు. "సముద్రంల ఒక మగదాని ఎంట నాలుగైదు ఆడియి తిరుగుతయి. ఆ మగది పోయిందనుకో, ఇంకో మగదాన్ని ఎవ్వలు తెచ్చియ్యాలె? ఉన్నదాంట్ల పెద్దది మగదైతది. రంగు మారుతది, చారలొస్తయి. మారినంక అది నిఖార్సైన మగదే, పిల్లలకు తండ్రి కూడ అయితది. రెండు మగయి తెచ్చి ఒక్క డబ్బల పెడితే కొట్లాడి చస్తయి. అందుకే దుకాణపాయన రెండు ఆడియి ఇచ్చిండు."

"అంటే మొగడు పోతే పెద్దామె మొగోడైతదా?" అని పోశవ్వ నా దిక్కు చూసింది. "మరి మా గిర్నక్క కాలేదా? ఎప్పుడైతవక్కా?"

"నేను మొగోణ్ణి కాలే, గిర్ని నడిపిన. దానికి మీసాలు అక్కరలేదు. నీ గంప ముందుకు జరుపు."

అందరు నవ్విండ్రు, ఆయన తప్ప. "చేపకు కూడ గంతే అక్కా" అన్నడు. "పని ఖాళీగ ఉన్నది. అది చేస్తది."

నేను చాన రోజులు ఆ మాట గురించి అనుకున్న. మా ఆయన పోయినప్పుడు మా చుట్టాలల్ల చానమంది చానా అన్నరు. గింత సీదాగ ఎవ్వలూ అనలే.

నమ్మిన్నా అంటే నమ్మలే. మా చర్చి అయ్యగారు ప్రార్థనకు ఇంటికి వచ్చినప్పుడు తీస్కపోయి చూపిచ్చిన. "అయ్యగారూ, ఏంజెలంటే దేవదూతనే గదా. దూతలకు పెండ్లిళ్లు ఉండయని మీరు చెప్తరు. ఈయన దూతకు మొగుణ్ణి తయారుజేస్తుండు" అన్న. అయ్యగారు కండ్లద్దాలు సవరిచ్చుకొని చూసి చూసి, "సముద్రం సంగతి నాకు తెల్వదమ్మా" అని, చాయ ఇస్తవా అన్నడు.

నెలలు పోయినయి. చేప మారలే. మారింది ఆయన కన్ను. ఉన్న ఒక్క కంటికి పొర కమ్మింది. ముక్కు అద్దానికి ఆనిచ్చి చూస్తడు. అద్దం మీద రోజూ ముక్కు అచ్చు. నేను గిర్ని బందుపెట్టి పోంగనే అదే మాట: "అక్కా, చారలు కనబడుతున్నయా?"

"లేవు."

"జర మంచిగ చూడు. సన్నగ ఉంటయి."

"నా రెండు కండ్లు మంచిగనే ఉన్నయి. లేవు."

బిడ్డ కరీంనగర్‌ల డాక్టరుకు చూపిచ్చి ఆపరేషనుకు తారీకు తీసుకుంటది, ఈయన పోడు. రెండుసార్లు గట్లనే అయింది. నన్ను అడిగితే చెప్పిండు: "ఒక్కటే కన్ను అక్కా. కోసేకాడ తేడా వస్తే? ఆ చేప మారుడు చూసినంక కోపిచ్చుకుంట. దాని తర్వాత ఏమైతే ఏంది."

నాకు మండింది. "పొర ముదిరినంక అది మారితే ఏం చూస్తవ్, దాని సప్పుడు వింటవా స్క్రూడ్రైవర్ పెట్టుకొని? ముందు కన్ను, తర్వాత చేప. బట్టలు సదురు."

"నేను లేనప్పుడు మారితే?"

"ఎనిమిది నెలలు మారనిది నువ్వు బస్సెక్కంగనే మారుతదా? అంత మర్యాద తెల్వని చేపైతే దాన్ని చూడకున్నా మంచిదే."

పోయిండు. పోయేముందు మొత్తం అప్పజెప్పిండు. పొద్దున ఫస్టు షిఫ్టు మేత, మాపటికి సెకండు షిఫ్టు. నీళ్లు తగ్గితే ఉత్త నీళ్లు, అది నాకు చెప్పే పని లేదు. ఇంకేమి ముట్టద్దు.

ఇంకేమి ముట్టద్దంటే నా చెయ్యి ఊకుండది. ఆయన పోయిన నాలుగో రోజు చూస్తే పెద్ద చేప చిన్నదాన్ని తరుముతుంది. మేత కాడికి రానియ్యదు. రాళ్ల సందులకు తోలుతుంది, బయటికొస్తే మల్ల తోలుతుంది. చిన్నది తోక ముడుసుకొని మూలకు ఉన్నది. నాకు ఇద్దరు కోడండ్లు. పెండ్లిళ్లైన కొత్తల్ల వాళ్లు గిట్లనే ఉండిరి, పెద్దది చిన్నదాన్ని పొయ్యి కాడికి రానియ్యకపోయేది. మా దగ్గర ఇద్దరు యారాండ్లకు పడకపోతే ఏంజేస్తరు? పొయ్యిలు వేరు చేస్తరు. నేను చేసిన. ఇయ్యాల వాళ్లిద్దరు అక్కచెల్లెండ్ల లెక్క ఉన్నరు. నాకు తెలిసిన మందు అదే, అదే వేసిన. కొత్త ప్లాస్టిక్ కూరగాయల బుట్ట తెచ్చి, సబ్బు పెట్టకుంట మరిగే నీళ్లతోని కడిగి, డబ్బల ఒక మూలకు వేలాడగట్టిన. చిన్నదాన్ని అండ్లకు పట్టేసరికి నా చీర మొత్తం తడిసింది. ఇద్దరి మొఖాలు ఒకరికొకరికి కనబడకుంట నడుమ ఉడికిచ్చిన తెల్లగుడ్డ కట్టిన. ఎవరి మేత వారికి. పెద్దది అటిటు తిరిగి తిరిగి ఊకున్నది. ఎంత మంచిగ చేసిన్నో అనుకొని గిర్నికి పోయిన.

అప్పటికి ఆపరేషను అయింది, కంటికి కట్టు కట్టిండ్రు. మాపటీలి ఫోను జేసిండు.

"అక్కా, ఎట్లున్నయి? కొట్లాడుతున్నయా?"

"కొట్లాడనిస్తనా? వేరుపెట్టిన."

"ఏం పెట్టినవ్?"

చెప్పిన. బుట్ట, గుడ్డ, మేత, అంతా. అటుదిక్కు నవ్వు వినబడ్డది. ఏడుపు లెక్క ఉన్నది ఆ నవ్వు.

"అక్కా, ఎనిమిది నెలలు నేను చూసింది ఆ కొట్లాట కోసమే గదా. పెద్దది చిన్నదాన్ని తరుముతనే ఉండాలె. ఇంట్ల తనదే పెద్దరికమని దానికి నమ్మకం కుదరాలె. అప్పుడే అది మగదైతది. ఎదురుంగ ఎవ్వలు లేకుంటే అది ఎవ్వల మీద పెద్దది? అది సురువైన రోజే నువ్వు వేరు కాపురం పెట్టిచ్చినవ్."

తప్పు చేస్తే ఒప్పుకునుడు నాకు అలవాటు లేదు, ఎందుకంటే తప్పు చేసుడు అలవాటు లేదు. ఫోను పక్కకు పెట్టి అప్పుడే బుట్ట తీసేసిన. చిన్నదాన్ని వదిలేటప్పుడు "పోయి తన్నులు తిను బిడ్డా" అన్న. పెద్దది రెండు రోజులు పట్టిచ్చుకోలే. నేను గిర్ని కాడ తూకాలు తప్పు జెప్పుడు ఆ రెండు రోజులే. మూడో రోజు మల్ల తరిమింది. నాకు పానం కుదుటపడ్డది.

ఆ వారమే ఆయన బిడ్డ వేరుగ ఫోను జేసింది. "పెద్దమ్మా, కంట్ల వాపొచ్చింది. కట్టు ఇప్పుడే తియ్యరట. చూపు వస్తదో రాదో, వస్తే ఎంత వస్తదో చెప్పలేమంటున్నరు. బాపుకు ఈ సంగతి చెప్పలే."

ముందు కన్ను తర్వాత చేప అన్నది నేను. బట్టలు సదరమన్నది నేను.

మరునాడు పొద్దుగాల మేతకు పోతే పెద్ద చేప పక్క మీద మసి అంటినట్టు కనబడ్డది. ముందు రోగమనుకున్న. అద్దం తుడిసి, దగ్గరికి పోయి చూసిన. మసి కాదు, గీతలు. ఒకదాని పక్కన ఒకటి, వెంట్రుకంత సన్నగ. పక్కనే ఉన్న ఆయన మంచం మీద కూసున్న.

మా మనుమరాలు సెల్లుల వీడియో తీస్తనన్నది. కంటికి కట్టు ఉన్నాయన వీడియో ఏం జేసుకుంటడు? నోటితోని చెప్పాలె. నేను ఫోన్ల రెండు మాటలకు మించి మాట్లాడే మనిషిని గాను. అవసరం చెప్పి పెట్టేస్త. గాని అప్పటిసంది ఇరువై రోజులు రోజూ పొద్దుగూకంగ ఆ డబ్బ ముంగట స్టూలు ఏసుకొని కూసొని, చూసింది చూసినట్టు చెప్పిన.

"చారలొచ్చినయి తమ్మీ" అని మొదటి రోజు చెప్పిన.

"అడ్డమా, నిలువా?"

"వీపు మీదికెల్లి కడుపుకు దిగుతున్నయి."

ఆయన మెట్‌పల్లి దిక్కు నేతోళ్ల ఇంట్ల పుట్టిండు. వాళ్ల బాపు మగ్గం మీద చారల తువ్వాలలు నేసేటోడట. అందుకని ఆ అడుగుడు వేరే ఉండేది. "అంటే పేక దిక్కు వస్తున్నయి, పడుగు కాదు. నడుమ సందెంత?"

"బియ్యపు గింజ పట్టేంత."

"అన్ని సందులు ఒక్క తీరుగనే ఉన్నయా?"

"ఒక్క తీరుగనే. ఎవరో నేసినట్టే ఉన్నది."

"పసుపు?"

"వెలుస్తుంది. నాలుగు ఉతుకులైన చీర లెక్క."

ఇంకో రోజు, "తోక నల్లంచు?"

"పైది పోయింది. కిందిది మాసింది. తోక కొసలు పొడుగైనయి, దారాలు వదిలినట్టు."

"రొమ్ము మీద ఏమన్న వచ్చిందా?"

"నల్ల మచ్చ ఒకటి. దిష్టి సుక్క లెక్క."

"ఇంకొక్కటి చెప్పక్కా."

ప్రతి రోజు అదే, ఇంకొక్కటి చెప్పక్కా. చెప్పేందుకు నేను చూసిన. నా పెండ్లి చీరను కూడ నేను గంతసేపు చూడలే. ఒకనాడు చెప్పిన, "మునుపు చిన్నదాన్ని తరిమేటిది గదా, ఇయ్యాల తరమలే. దాని ముంగట నిలబడి రెక్కలు విప్పి వణికింది. ఇద్దరు కలిసి పైదాక పోయి మల్ల కిందికి దిగిండ్రు."

"అయింది అక్కా" అన్నడు. "ఇగ అది మగదే."

నెల దాటినంక వచ్చిండు. నల్లద్దాలు పెట్టుకొని, బిడ్డ చెయ్యి పట్టుకొని ఆటో దిగిండు. కట్టు తీసిండ్రు. వెలుతురు తెలుస్తుంది, మనుషులు తెలుస్తున్నరు, మిగిలింది మెల్లగ తెలియాలె అన్నరట డాక్టర్లు. గడపల ఆయన రబ్బరు బూట్లే ఆయన కాళ్లకు తాకి పడబోయిండు. నేను స్టూలు డబ్బకు దగ్గరగ జరిపిన. బిడ్డ వెనక నిలబడి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆయన నల్లద్దాలు తీసి జేబుల పెట్టుకొని, మెడ పక్కకు తిప్పి, ముక్కు అద్దానికి ఆనిచ్చిండు.

చేప వచ్చింది. ముంగటనే నిలబడ్డది.

"నేను లెక్కపెడ్త" అన్నడు. "నువ్వు చెప్పకు."

నేతోళ్లు పోగులు లెక్కపెట్టినట్టు, గోరు అద్దం మీద జరుపుకుంట, పెదవులల్లనే లెక్కపెడుతుండు. చేప తిరిగింది. మల్ల మొదటికెల్లి. మల్ల తిరిగింది. మూడోసారి అది కదలకుంట నిలబడ్డది. ఆ చేపకు ఆ రోజు ఎంత బుద్ధి పుట్టిందో. గోరు తల కాడికెల్లి తోక దిక్కు పోయి ఆగింది.

"పద్నాలుగు" అన్నడు. నా దిక్కు తిరిగిండు. ఆ కంట్ల నీళ్లు కారుతున్నయి, అవి మందుల నీళ్లో ఏమో. "పద్నాలుగున్నయి గదా అక్కా?"

ఆ పొద్దుగాలనే నేను రెండుసార్లు లెక్కపెట్టిన. పదిహేను. ఆఖరిది తోక మొదట్ల ఉన్నది, మిగిలినవాటికన్న సన్నది.

"ఔ తమ్మీ, పద్నాలుగే" అన్న.

తర్వాత ఆయన నాలుగేండ్లు ఆ చేపను చూసిండు. వచ్చినోళ్లందరికి పద్నాలుగు చారలు చూపిచ్చిండు. పోయిన ఏడాది బిడ్డ కాడికి పోతూ డబ్బను నాకు అప్పజెప్పి పోయిండు, అప్పుడు కూడ పద్నాలుగే అన్నడు. చర్చిల ప్రతి ఆదివారం వారమంత చేసిన తప్పులు ఒప్పుకుంటం. నేను కూడ అన్నీ చెప్పుకుంట, చిన్నయి పెద్దయి. ఆ పదిహేనో చార సంగతి మాత్రం ఇప్పటిదాక ఎత్తలే, ఎత్తను.